పదెకరాల మామిడి తోటలో గడ్డి కోతకు ఎంత హెచ్‌పీ ట్రాక్టర్ కావాలి?

ముందు స్లాషర్ (ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి కోత పరికరం) వెడల్పు తేల్చుకోండి, ట్రాక్టర్ సంగతి తర్వాత. రోటరీ స్లాషర్‌కు అడుగు వెడల్పుకు సుమారు 5 పీటీఓ (పరికరాన్ని తిప్పే ట్రాక్టర్ వెనక షాఫ్టు) హెచ్‌పీ లెక్క. నాలుగడుగులదానికి 20 కావాలి. ఇంజన్ శక్తిలో కొంత గేర్లలోనే పోతుంది కాబట్టి 24-28 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ చూసుకోండి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిపితే, మలుపులు పోను, గంటకు ఎకరం దాటుతుంది. పదెకరాలు ఒక రోజు పనే.

45 హెచ్‌పీ బండికి ఇంకా వెడల్పు స్లాషర్ తగిలించవచ్చు, నిజమే. కానీ వంగిన కొమ్మల కింద దూరదు, తడి నేలను తొక్కి గట్టిచేస్తుంది. దుక్కి, ట్రాలీ పనులు కూడా ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఏటవాలు నేలైతే హెచ్‌పీ కన్నా చక్రాల మధ్య వెడల్పు ముఖ్యం. ఇరుకు బండి తేలిగ్గా తిరగబడుతుంది. గట్లకు చేత్తో పట్టుకునే బ్రష్ కట్టరే మేలు.