టెక్ కన్సల్టెన్సీలో పని ఎలా ఉంటుంది? గుంటూరు కోల్డ్ స్టోరేజీలో నాకు తెలిసొచ్చింది

"బీటెక్ అయిపోయింది. విజయవాడలో ఒక టెక్నాలజీ కన్సల్టెన్సీ నుంచి ఆఫర్ వచ్చింది. అక్కడ పని ఎలా ఉంటుంది? చేరమంటారా, హైదరాబాద్ వెళ్లి ఇంకేదైనా చూసుకోమంటారా?" అని మీరు నన్ను అడిగారు. ఏడేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, అదీ విజయవాడలోనే. అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. చేరండి. అయితే చేరే ముందు ఆ కంపెనీని ఒక్క ప్రశ్న అడగండి. ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలంటే గుంటూరులో జరిగింది చెప్పాలి.

దానికంటే ముందు ఒక బాధ చెప్పుకోవాలి. మన వైపు కన్సల్టెన్సీ అనే మాటే పాడైపోయింది. వీసాలు ఇప్పించేవాళ్లదీ కన్సల్టెన్సీయే, లక్షలు తీసుకుని దొడ్డిదారిన ఉద్యోగం పెట్టిస్తామనేవాళ్లదీ కన్సల్టెన్సీయే. మా అత్తయ్యకు నేను ఏం చేస్తానో నాలుగుసార్లు చెప్పాను. అయినా పెళ్లి సంబంధం వాళ్లతో "పిల్ల అమెరికా పంపించే ఆఫీసులో చేస్తుంది" అనే చెప్పింది. మా పని అది కాదు. ఒకరి వ్యాపారం ఎలా నడుస్తుందో చూసి, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ పెట్టి, అక్కడి మనుషులకు అలవాటయ్యేదాకా వెంట ఉండటం. కస్టమర్లంటే కోల్డ్ స్టోరేజీలు, స్పిన్నింగ్ మిల్లులు, ఆటోనగర్ స్పేర్ పార్టుల డీలర్లు, ఆసుపత్రులు. చాలాసార్లు మా క్యాలెండర్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, 2018 ఏప్రిల్‌లో సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన ప్రతి వ్యాపారీ మరో వ్యాపారికి అమ్మితే ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు, తీయాల్సిందే అన్నారు. ఆ జూలై నెలంతా మా ఆఫీసులో ఆదివారాలు లేవు.

ఇక గుంటూరు సంగతి. నేను చేరిన రెండో ఏడాది. మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ, పేరు చెప్పను. గుంటూరు చుట్టుపక్కల అలాంటివి వందకు పైగా ఉన్నాయి. జనవరి నుంచి కాయ వస్తుంది. రేటు నచ్చని రైతు, రేటు పెరుగుతుందనుకున్న వ్యాపారి టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్‌లో పెడతారు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైనే ఉంటుంది. పెట్టినవాళ్లకు ఒక బాండు ఇస్తారు. అందులో పేరు, లాట్ నంబరు, టిక్కీల లెక్క ఉంటాయి. అద్దె టిక్కీకి, సీజన్‌కు ఇంత అని. ఇదంతా పుస్తకాల్లో నడుస్తోంది, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మా పని అదే.

మా టీమ్ రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ పై అంతస్తులో ఓనర్ గారి ఏసీ గదిలోనే కూర్చున్నాం. ఆయన ఓపిగ్గా అన్నీ చెప్పారు. మేము నలభై పేజీల డాక్యుమెంట్ ఇంగ్లీషులో రాశాం, ఆయన ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు. ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాం. మార్చి, ఏప్రిల్ లోడింగ్ సాఫీగా జరిగింది. గేటులో లెక్క పెట్టడం, లాట్ నంబరు వేయడం, బాండు ప్రింట్ తీయడం, ఎక్కడా ఆగలేదు. దానికి తోడు సరుకు బయటికి తీసేటప్పుడు బాండు ఉన్నవాళ్ల ఫోన్‌కు ఓటీపీ వెళ్లేలా కూడా పెట్టాం. అది మా ఆలోచనే. ఎవరూ మోసపోరని గొప్పగా చెప్పాం. మొత్తం బిల్లు వసూలైంది.

మేలో యార్డుకు వేసవి సెలవులు. మళ్లీ తెరిచిన వారంలో పొద్దున్నే ఫోన్ వచ్చింది, "గేటు ఆగిపోయింది, ఎవరినైనా పంపండి" అని. నేను ఎక్కిన నాన్‌స్టాప్ బస్సు మంగళగిరి దాటుతుండగా మళ్లీ ఫోన్, యూనివర్సిటీ దగ్గర ఇంకోటి. నేను వెళ్లేసరికి గేటు బయట లారీలు వరసకట్టి ఉన్నాయి. మొదటి లారీ ఒక వ్యాపారిది. ఆయన 25 టిక్కీల తేజ రకం కోసం వచ్చాడు. మా సిస్టంలో ఆ లాట్ వినుకొండ వైపు రైతు ఒకాయన పేరు మీద ఉంది, మొత్తం 60 టిక్కీలు. వ్యాపారి పేరు ఎక్కడా లేదు. ఓటీపీ వెళ్లింది, కానీ రైతు ఇచ్చిన నంబరు కొడుకుది. కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తట్లేదు.

అదే సమయంలో ఆ రైతు కూడా అక్కడే ఉన్నాడు, పక్క కౌంటర్లో. ఆయన 35 టిక్కీల కోసం వచ్చాడు. సిస్టం ఆయనకు 60 టిక్కీల అద్దె చూపిస్తోంది. ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ ఒకే మాట అంటున్నాడు: "నేను పాతిక అమ్మేశానయ్యా ఏప్రిల్‌లోనే. లేని సరుక్కి అద్దె నేనెందుకు కట్టాలి?"

నాకు అప్పటికి అర్థం కాలేదు. ఏప్రిల్‌లో అమ్మితే ఏప్రిల్‌లోనే బయటికి వెళ్లాలి కదా! మా సాఫ్ట్‌వేర్‌కు తెలిసిందల్లా రెండే. సరుకు లోపలికి రావడం, బయటికి పోవడం.

కింద కౌంటర్లో ఒక గుమస్తా గారు ఉన్నారు. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ల పైగా అక్కడే పని. ఆయన బల్ల కింద నుంచి ఎర్ర అట్ట ఉన్న పొడుగు పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పి, అర నిమిషంలో చూపించారు. ఆ రైతు పేరు, బాణం గుర్తు, వ్యాపారి పేరు, 25, తేదీ, చివర్లో "అద్దె కొ." అని. అంటే అద్దె కొన్నవాళ్లదని. సరుకు చోటు నుంచి కదలకుండానే చేతులు మారుతుంది. అదే చలిలో, అదే ఛాంబర్లో, అదే వరసలో ఉంటుంది, పేరు మాత్రం మారిపోతుంది. కొన్ని లాట్లు సీజన్‌లో మూడు చేతులు మారతాయి. ఒక్కోసారి అద్దె అమ్మినవాళ్లది, ఒక్కోసారి కొన్నవాళ్లది, బేరం కుదిరినదాన్ని బట్టి. ఆ వ్యాపారంలో సగం బతుకు ఆ పుస్తకంలోనే ఉంది. మా నలభై పేజీల్లో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

"ఇది మాకు ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?" అని అడిగాను. గొంతులో కోపం కూడా ఉంది, ఒప్పుకుంటాను.

ఆయన కోప్పడలేదు. "నన్నెవరడిగారమ్మా? మీరంతా పైన అయ్యగారితో కూర్చున్నారు. నేను మీకు టీలు పంపించాను" అన్నారు.

ఈ ఏడేళ్లలో నాకు ఇంతకంటే పెద్ద పాఠం ఎవరూ చెప్పలేదు. ఓనర్ గారు మాతో అబద్ధం ఆడలేదు, దాచిపెట్టలేదు. పేరు మార్పులు ఆయన దాకా వెళ్లేవే కాదు, అంతే.

ఆ రోజు నన్ను ఇప్పటికీ బాధపెట్టేది లారీలు కాదు, హమాలీలు. పొద్దున ఆరింటికే వచ్చి కూర్చున్నారు. ఛాంబర్ల లోపల చలి, బయట నలభై దాటిన ఎండ, ఆ రెంటి మధ్య రోజంతా మోస్తూ తిరిగే మనుషులు. చేతులకు, మెడకు మిర్చి మంట. ఒంటి గంట దాటింది, ఒక్క టిక్కీ కదల్లేదు. వాళ్ల మేస్త్రి నా దగ్గరకు వచ్చి, "అమ్మాయ్, మీ కంప్యూటర్ ఎప్పుడు లేస్తది? మాకు బస్తాకింత. ఖాళీగా కూర్చుంటే కూలి రాదు" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. మేము ఒక స్క్రీన్ మర్చిపోతే అంతమంది ఇళ్లలో ఆ పూట డబ్బు తగ్గింది. ఆఫీసులో కూర్చుని దాన్ని "మైనర్ ఇష్యూ" అని రాసుకుంటాం. ఆ మాట నేను మళ్లీ వాడలేదు.

మధ్యాహ్నం ఓనర్ గారితో మాట్లాడి సిస్టం పక్కనపెట్టాం. గుమస్తా గారు పుస్తకం చూసి చీటీలు రాశారు, గేటు కదిలింది. తర్వాత తొమ్మిది రోజులు ఆయన బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. నాలుగు వందల పైచిలుకు పేరు మార్పులు. ఘాటుకు దగ్గు ఆగేది కాదు, కళ్లు నీళ్లు కారేవి. రెండో రోజు ఆయన తన డబ్బాలోంచి బెల్లం ముక్క ఇచ్చి చప్పరించమన్నారు. చివరికి "పేరు మార్పు" అనే స్క్రీన్ పెట్టాం. అందులో "అద్దె ఎవరిది" అనే గడి ఉంది. ఆ గడికి పేరు ఆయనే పెట్టారు. ఓటీపీ తీసేశాం, బాండు చూపించి సంతకం పెడితే చాలు.

మా మేనేజర్ మాత్రం దీన్ని చేంజ్ రిక్వెస్ట్ కింద వేసి విడిగా బిల్లు వేద్దామన్నారు. డాక్యుమెంట్‌లో లేదు, కస్టమర్ సంతకం పెట్టారు, కాబట్టి కొత్త పని అని ఆయన లెక్క. ఈ రంగంలో సగం తగువులు ఈ ఒక్క మాట చుట్టూనే. నేను ఒప్పుకోలేదు. అడగాల్సిన మనిషిని అడక్కుండా రాసుకుని, అందులో లేదు కాబట్టి మళ్లీ డబ్బివ్వండి అంటే ఎలా? ముందే ఒక ధరకు ఒప్పుకునే ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టుల్లో కంపెనీకీ ఇబ్బంది ఉంటుంది, కాదనను. నేను దిగొచ్చే ఆలోచన చేయలేదు, మూడు రోజులు వాదించాను. చివరికి బిల్లు వేయలేదు. ఆ ఓనర్ గారే మరుసటి ఏడాది తన బంధువుల కోల్డ్ స్టోరేజీ పని కూడా మాకు ఇప్పించారు.

ఇంకో సంగతి, పేర్లు. వెంకటేశ్వర్లు అని తెలుగులో రాస్తే ఒకటే. ఇంగ్లీషులో కొట్టమనేసరికి అదే రైతు ఐదు స్పెల్లింగులతో ఐదుగురయ్యాడు. తెలుగులో పెడదామంటే, పాత జాబితాలన్నీ డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టినవి. ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్‌లోకి తెస్తే అక్షరాలు చెదిరిపోతాయి, మళ్లీ ఒక్కొక్క పేరూ సరిచూసుకోవాలి. తెలుగువాళ్లు తెలుగువాళ్ల కోసం చేసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేరు సరిగ్గా రాయలేకపోవడం నాకు సిగ్గుగా ఉంటుంది. దీన్ని పట్టించుకోమంటే ఎస్టిమేట్‌లో గంటలు లేవంటారు.

అమ్మాయిలెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. సైట్లలో చాలాచోట్ల ఆడవాళ్లకు బాత్రూమ్ ఉండదు. గుంటూరులో నేను మొదటి మూడు రోజులు నీళ్లు తాగకుండా గడిపాను. నాలుగో రోజు గుమస్తా గారు గమనించి ఎదురింటావిడతో మాట్లాడి పెట్టారు. ఇది మొహమాటపడే విషయం కాదు. సైట్‌కు వెళ్లే ముందే మేనేజర్‌ను అడగండి, కస్టమర్‌తో మాట్లాడించండి.

ఇప్పుడు మీ ప్రశ్న. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది, మేధా టవర్స్‌లో ఆఫీసులున్నాయి. పెద్ద టీమ్, పద్ధతి ప్రకారం ట్రైనింగ్ కావాలంటే అటు చూడండి. హైదరాబాద్‌లో జీతం ఎక్కువ, నా బ్యాచ్‌వాళ్లంతా నాకంటే ఎక్కువే తీసుకుంటున్నారు. కానీ ఒక వ్యాపారాన్ని గేటు నుంచి గల్లాపెట్టె దాకా రెండేళ్లలో చూడాలంటే చిన్న కన్సల్టెన్సీని మించింది లేదని నేను గట్టిగా నమ్ముతాను. టైంషీట్లు నింపాలి, పండగ రోజుల్లో కస్టమర్ ఫోన్లు ఎత్తాలి, టెన్షన్ ఉంటుంది. అయినా ఆ పుస్తకాలు, ఆ మనుషులు మీకు హైదరాబాద్ అద్దాల మేడల్లో దొరకరు.

ఇంటర్వ్యూలో అడగాల్సిన ఆ ప్రశ్న ఇదీ: "రిక్వైర్‌మెంట్స్ (కస్టమర్‌కు ఏం కావాలో) తీసుకోవడానికి నన్ను సైట్‌కు పంపిస్తారా? అక్కడ ఎన్ని రోజులు కూర్చోనిస్తారు?" రెండు మీటింగులు చాలు, మిగతాది ఆఫీసు నుంచే అంటే వద్దనుకోండి. కనీసం వారం రోజులు కింద కౌంటర్లో కూర్చోనిస్తామంటే జీతం కొంచెం తక్కువైనా చేరండి.

బాండు గురించి కూడా అడగండి, కోల్డ్ స్టోరేజీ బాండు కాదు, మీ చేత సంతకం పెట్టించే బాండు. ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టమంటారో కాగితం మీద చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఇవ్వకండి. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి, అదే రోజు ఇంటికి తెచ్చేసుకోండి.