బీటెక్, ఫుట్‌బాల్, ఊళ్లో పిల్లల కోచింగ్: మూడూ నడుస్తాయా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇదే కదా, బీటెక్ ఫస్టియర్‌లోనే కాలేజ్ టీమ్‌కి సెలెక్ట్ అయ్యావు, ఆదివారాలు ఊళ్లో పిల్లలకి ఆట నేర్పిస్తున్నావు, ఇంట్లో ఏమో ఆట మానెయ్యమంటున్నారు, ఏం చెయ్యాలని. నేను అనంతపురంలో మెకానికల్ చదువుతా నాలుగేళ్లూ లెఫ్ట్ బ్యాక్ ఆడినోణ్ణి. మానెయ్యొద్దు. కానీ మూడూ ఒకే వారంలో బాగా నడవవు, ఈ వారం దేన్ని వదిలేస్తానో ఆదివారం రాత్రే తేల్చుకునేవాణ్ణి నేను.

అందరూ టైమ్ చాలదంటారు గానీ నాకు దెబ్బ పడింది అటెండెన్స్ దగ్గర. మా యూనివర్సిటీ జేఎన్‌టీయూఏ (అనంతపురం)లో 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్యలో ఉంటే తక్కువైనదాన్ని మాఫీ చేయించుకోడానికి కండొనేషన్ ఫీజు కట్టుకోవాలి, 65 కంటే తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సెకండియర్‌లో యూనివర్సిటీ సెలెక్షన్స్, క్యాంపు, సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ టోర్నీ, రైలు ప్రయాణాలు అన్నీ కలిపి దాదాపు మూడు వారాలు క్లాసుల్లో లేను. మా ఆటల సార్ (పీడీ) "ఓడీ ఇప్పిస్తాలేరా, నువ్వు పో" అన్నాడు, ఓడీ అంటే ఆన్ డ్యూటీ లెటర్, అదుంటే ఆటకి పోయిన రోజులు కూడా అటెండెన్స్‌లో కలుస్తాయి, నమ్మి పోయినా, తిరిగొచ్చి చూస్తే 66, ఆ లెటర్ మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) టేబుల్ దాకా పోనే లేదు. ఇంట్లో చెప్పకుండా ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి ఫీజు కట్టినా. అప్పట్నుంచి రైలెక్కే ముందే ఆ లెటర్ మీద పీడీ, హెచ్ఓడీ ఇద్దరి సంతకాలూ పెట్టించుకుని ఫోటో తీసి క్లాస్ టీచర్‌కి వాట్సాప్ చేసేవాణ్ణి. నువ్వూ అదే చెయ్.

మిడ్స్, అదే సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు ఇంటర్నల్ పరీక్షల సంగతి ఇంకోటి. మా రెగ్యులేషన్‌లో, అంటే మా బ్యాచ్‌కి యూనివర్సిటీ పెట్టిన రూల్స్‌లో, రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం వెయిటేజ్. అంటే ఫస్ట్ మిడ్‌లో 30కి 25 తెచ్చుకుంటే, రెండోది మ్యాచ్ వల్ల పోయినా 20 చేతిలో ఉంటాయి. మీ రెగ్యులేషన్‌లో ఎట్లుందో చూస్కో. నేనైతే ఫస్ట్ మిడ్‌కి ముందు పది రోజులు పొద్దున ప్రాక్టీస్ తప్ప ఇంకేం పెట్టుకునేవాణ్ణి కాదు. అయినా థర్మో ఒకటి పోయింది, సప్లీ రాసుకున్నా, అదేం పెద్ద కథ కాదు.

సాయంత్రం ఆడొచ్చి రాత్రి చదువుతా అనుకోకు, పుస్తకం మీదే నిద్రొస్తుంది. ఐదున్నరకి గ్రౌండ్, ఏడున్నరకి ఉగ్గాని బజ్జీ, తొమ్మిదికి క్లాస్, మధ్యలో ఆ గంటే నాకు చదువు. మిగతాదంతా రూమ్మేట్ నోట్స్ పుణ్యం.

ఇంక పిల్లల విషయం. మాది ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) పనిచేసే ఊర్లలో ఒకటి, ఫాదర్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టింది కదా, నేను నిజమైన గడ్డి గ్రౌండ్ మొదట చూసింది వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లోనే. మా ఊళ్లో ఏముంది, స్కూలు వెనక ఎర్రమట్టి, దాన్నిండా పల్లేరుకాయలు. పిల్లలు వట్టికాళ్లతో వరసగా నిలబడి ముందు ముళ్లు ఏరేవాళ్లు, తర్వాతే బాల్ బయటికి తీసేవాణ్ణి, లేకపోతే పది నిమిషాల్లో పంక్చర్. శనక్కాయ పీకే రోజుల్లో ఇరవై మందిలో ఆరుగురు వస్తే గొప్ప. ఒకసారి ఒక అవ్వ గ్రౌండ్‌లోకొచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుని "కూలీ నువ్విస్తావా నాయనా" అంది. ఏం చెప్తాం? ఆ నెల పొలం పని అయ్యాక సాయంత్రం అరగంటకి మార్చినా, ఆ పిల్ల వచ్చింది.

థర్డ్ ఇయర్‌లో నాలుగు ఆదివారాలు వరసగా పోలేదు, మ్యాచులు, ల్యాబ్ రికార్డులు. ఐదో వారం పోతే తొమ్మిదో క్లాసు పిల్లోడు విజిల్ మెళ్లో వేసుకుని వామప్ చేయిస్తున్నాడు, నన్ను చూసి "అన్నా, లేటొచ్చినావు, రెండు రౌండ్లు కొట్టు" అన్నాడు. కొట్టినా మరి. నువ్వూ ఇప్పట్నుంచే అట్లాంటోణ్ణి ఒకణ్ణి తయారు చేసుకో.

బూట్ల గురించి కూడా అడిగావు కదా, గట్టి నేల మీద పొడుగు స్టడ్స్ వేసుకుంటే మోకాళ్లు పోతాయి, చిన్న రబ్బరు గుబ్బలుండే టర్ఫ్ షూస్ చాలు. పంపు సూదులు మాత్రం రెండు మూడు కొనిపెట్టుకో, అవి ఎప్పుడూ మ్యాచ్ రోజే విరుగుతాయి.