చీర టేబుల్ మీదే వదిలి వెళ్ళారు

ప్రశ్న: సార్, మాది రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్. 26 మంది పని చేస్తారు. మాకు పని ఇప్పించే బళ్లారి పార్టీ (వ్యాపారి) ద్వారా ఈ ఏడాది ఒక లండన్ కంపెనీ ఆర్డరు వచ్చింది. పనివాళ్ళ పరిస్థితులు చూసే ఆడిట్ అని కంపెనీ తరఫున ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకరు బెంగళూరు అమ్మాయి, ఇంకొకరు తెల్లామె. శుక్రవారం పూట ఇంటికొచ్చారని మా అత్త బొట్టు పెట్టి, తాంబూలంలో చెరో ధర్మవరం చీర పెట్టింది. బొట్టు పెట్టించుకున్నారు, చీరలు మాత్రం టేబుల్ మీదే వదిలేసి పోయారు. మా అత్త ఆ రాత్రి అన్నం తినలేదు. మేమేమన్నా లంచం ఇచ్చామా సార్? పార్టీ చెప్పినట్టు ఓటీ (ఓవర్‌టైం) లెక్కల పుస్తకం లోపల దాచేశాం కాబట్టి ఆడిట్‌లో ఏ తప్పూ దొరకలేదు. అయినా ఈ అవమానం ఎందుకు?
— ఒక సోదరి, రాయదుర్గం

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి సంగతి. ఆమె చేసింది తప్పు కాదు. గడప తొక్కిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపడం మన సీమలో ఎవరికీ మనసొప్పదు. మా అమ్మయితే జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మకు కూడా రవికె గుడ్డ పెట్టింది. కానీ ఈ ఇద్దరూ చుట్టాలుగా రాలేదు, మీ యూనిట్‌కు మార్కులు వేయడానికి వచ్చారు. బ్రిటన్‌లో 2010లో చేసిన లంచాల చట్టం ప్రైవేటు కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలకూ వర్తిస్తుంది, దేశం బయట జరిగినా వదలదు. ప్రతి కానుకా లంచమని అందులో లేదు. కానీ ఆ భయంతో చాలా కంపెనీలు, టీ నీళ్ళు తప్ప ఏమీ ముట్టొద్దని తమ మనుషులకు చెప్పి పంపిస్తాయి.

నేను ఆ వైపు నిలబడినవాణ్ణే. బెంగళూరు పీణ్యాలో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో 19 ఏళ్ళు క్వాలిటీ చెకింగ్ చేశాను. 1,200 ప్యాంట్ల లాటయితే 80 తీసి చూసేవాళ్ళం. పెద్ద తప్పులు 5 దాకా ఉంటే పాస్, 6 అయితే లాటు మొత్తం వెనక్కి. ఒక దీపావళికి ఒక యూనిట్ ఓనరు మా ఇంటికి డ్రైఫ్రూట్స్ డబ్బా పంపించాడు. పిల్లలు రెండు రోజుల్లో ఖాళీ చేశారు. వారం తిరక్కుండా ఆయన లాటే నా టేబుల్ మీదికి వచ్చింది. ఐదు పెద్ద తప్పులు తేలాక ఇంకో ప్యాంటు జిప్పు ఊడి చేతికొచ్చింది, అది ఆరోది. నేను 5 అని రాశాను. ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు, అదీ తమాషా. ఉప్పు తిన్న చోట కీడు తలపెట్టకూడదని చిన్నప్పుడు నేర్పిన బుద్ధే ఆ అంకె వేయించింది. ఆ అమ్మాయిలు చీర ముట్టకపోవడం నాకు తప్పుగా తోచకపోవడానికి కారణం ఇదే.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ఓటీ పుస్తకం. చీర నలుగురి ముందూ పెట్టారు, పుస్తకం దాచారు. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడా జీన్సే కుట్టేవాళ్ళు. 2012 సెప్టెంబరు 11న కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు, బయటపడే దారి దాదాపు లేదు. అంతకు కొన్ని వారాల ముందే దానికి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది, పనివాళ్ళ పరిస్థితులు బాగున్నాయని. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకూ ముందే ఆడిట్లు జరిగాయి. ఏ తప్పూ దొరకలేదని మీరు రాసినప్పుడు నాకు గుర్తొచ్చినవి ఇవి.

అలాగని నెపమంతా మీ మీద వేయను. పీసుకు 3 రూపాయలు తగ్గించమని గీచి గీచి బేరమాడి, పది రోజుల పని ఆరు రోజుల్లో కావాలనే కంపెనీ, చీర ముట్టనంత మాత్రాన శుద్ధపూస అయిపోదు. రాత్రి పది దాకా మీ మిషన్లు నడిచేది ఆ గడువు వల్లే. పార్టీకీ ఇది తెలుసు.

ఇకనుంచి ఒకటే పుస్తకం పెట్టండి. ఓటీకి రెట్టింపు కూలి 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్నదే. మామూలు గంటకు 60 అయితే ఓటీ గంటకు 120. తేదీ, గంటలు, పనివాళ్ళ సంతకం. ఓటీ కనిపిస్తే ఆర్డరు పోతుందని పార్టీ బెదిరిస్తాడు. నేను చూసినంతలో, ఓటీ ఎక్కువైతే సరిచేసుకోమని గడువిస్తారు. దొంగ లెక్క దొరికితే మాత్రం గడువు మాటే ఉండదు. రేటు మాట్లాడటానికి బళ్లారి వెళ్ళినప్పుడు కూడా ఆ పుస్తకమే పట్టుకెళ్ళండి, ఆరు రోజుల గడువుకు ఎంత ఖర్చయిందో అందులోనే ఉంటుంది.

వాళ్ళు మళ్ళీ వస్తే బొట్టు, మూర మల్లెపూలు చాలు. మధ్యాహ్నం పనివాళ్ళందరితో పాటే ఉగ్గాని, బజ్జీ పెట్టి చూడండి. అదీ వద్దంటే కంపెనీ రూలే తప్ప ఆమె చేతి వంట నచ్చక కాదని మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.