నాన్నకు స్టెంట్ వేయాలన్నారు: ఆరోగ్యశ్రీనా, ఆయుష్మానా, ప్రైవేట్ పాలసీనా?

మీ నాన్నగారికి 72 ఏళ్లని, గుండె రక్తనాళాల్లో రెండు బ్లాకులు ఉన్నాయని రాశారు. ఇంట్లో రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీ వాడాలా, ఆయుష్మాన్ వాడాలా, లేక ఇప్పుడే ప్రైవేట్ పాలసీ తీసుకోవాలా అని అడిగారు. మిగతా సంగతులకంటే ముందు ఒక మాట. అడ్వాన్స్ అని ఒక్క రూపాయి కట్టకముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ హెల్ప్ డెస్క్ చూసే ఆరోగ్యమిత్రను కలవండి. మేం ఆ పని చేయక లక్షా ఎనభై వేలు అప్పులపాలయ్యాం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. 2024 చలికాలంలో ఒక రాత్రి మా నాయినకు ఛాతీలో నొప్పి వచ్చి ఒళ్లంతా చెమటలు పట్టాయి. కారు మాట్లాడుకుని ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకుపోయాం. గోడ మీద ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది, నా జేబులో రేషన్ కార్డు ఉంది. కౌంటర్‌లో మాత్రం "ముందు అరవై వేలు కట్టండి, కార్డు సంగతి పొద్దున చూద్దాం" అన్నారు. ఆ టెన్షన్‌లో ఎదురు అడగడానికి నోరు రాలేదు. మా చెల్లె చేతి గాజులు తీసిచ్చింది. బావ వాటిని కుదువపెట్టి రాత్రికి రాత్రే డబ్బు తెచ్చాడు. తెల్లారేసరికి స్టెంట్ వేశారు, నాయిన బతికాడు. ఆ డాక్టర్ చేసిన మేలు మరిచిపోను. కానీ పొద్దున వచ్చిన ఆరోగ్యమిత్ర మా ఫైలు చూసి, "మీరు డబ్బు కట్టి చేరారు, ఆరోగ్యశ్రీ నడిపే ట్రస్టుకు అనుమతి కోసం ఏమీ పోలేదు, ఇప్పుడు నేను చేయగలిగింది లేదన్నా" అన్నది.

ఆరోగ్యశ్రీలో మనం కట్టేసి తర్వాత వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. ఆసుపత్రి ముందు రిపోర్టులు పంపి ప్రీ ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి, తీసుకోవాలి. వైద్యం అయ్యాక ట్రస్టే ఆసుపత్రికి చెల్లిస్తుంది. అత్యవసరమైతే ఫోన్‌లోనే అనుమతి అడగవచ్చని నాకు ఆ తర్వాతే తెలిసింది. ఆ రాత్రి ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఏడు నెలల తర్వాత రెండో నాళానికి స్టెంట్ వేయాల్సి వచ్చినప్పుడు నేరుగా హెల్ప్ డెస్క్ దగ్గరికే పోయాం. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ఇచ్చాం. అనుమతి వచ్చేదాకా ఆగాం. ఆ స్టెంట్‌కు మా చేతి నుంచి పైసా పోలేదు. ఈ పథకం 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. ఇన్నేళ్లయినా కౌంటర్ దగ్గర మనకు గట్టిగా అడగడం రాలేదే అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. స్టెంట్‌కు ఇది చాలు, ముందు దీన్నే వాడండి. కేంద్ర పథకం ఆయుష్మాన్‌లో 2024 అక్టోబర్ చివరి నుంచి 70 దాటిన వాళ్లకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వైద్యం ఉంది. ఆధార్ ఉంటే చాలు, ఆయుష్మాన్ యాప్‌లో వయ వందన కార్డు వస్తుంది. మీరు ఎంచుకున్న ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో లేదో ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555లో అడగండి. పాలమూరు నుంచి ముంబై, పుణే పనులకు పోయిన పిల్లల దగ్గర ఉండే పెద్దవాళ్లకైతే ఈ కార్డు తప్పక తీసి పెట్టాలి. వేరే రాష్ట్రంలో కూడా ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది.

రేషన్ కార్డులో నాన్నగారి పేరు ఉందో లేదో ఇవాళే చూడండి. 2025 జూలైలో తిరుమలగిరిలో కొత్త కార్డులు పంచిన రోజుల్లో మా ఊళ్లో చాలా ఇళ్లలో కార్డులు విడగొట్టుకున్నారు. ముసలివాళ్ల పేర్లు ఏ కొడుకు కార్డులో ఉన్నాయో కొందరికి ఇప్పటికీ తెలియదు.

ప్రైవేట్ పాలసీ ఇప్పుడు తీసుకున్నా ఈ స్టెంట్‌కు పనికిరాదు. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనే హక్కు కంపెనీకి ఉంది, జబ్బు దాచిపెడితే క్లెయిమే పోతుంది. మీకూ మీ భార్యకూ మాత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి మనం సొంతంగా తీసుకునే పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. మీ జీతం నెలకు 21 వేల లోపైతే కంపెనీలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) గురించి కూడా అడగండి. మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా అందులో వైద్యం ఉంటుంది.

ఆసుపత్రికి పోయాక కౌంటర్‌లో ఇలా అనండి: "ఆరోగ్యశ్రీ కింద చేర్చుకోండి, ప్రీ ఆథరైజేషన్ పంపండి, మేం డబ్బు కట్టి చేరడం లేదు." వాళ్లు అడ్వాన్స్ అడిగితే అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి.