మాట ఒకరిది, గిటార్ ఒకరిది

ప్రశ్న: హనుమకొండలో ఆదివారం సాయంత్రాలు కలిసి పాటలు వినే మా మిత్రబృందం పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం విషయంలో రెండుగా చీలిపోయింది. అందులో పాటలు రాసిన రోజర్ వాటర్స్, ఆ బృందం పాత ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'ను 2023లో గిటార్ సోలోలు (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే భాగాలు) లేకుండా మళ్లీ రికార్డు చేయడం పాత సహచరులను అవమానించడమేనని కొందరు అంటున్నారు. బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 2024లో తెచ్చిన 'లక్ అండ్ స్ట్రేంజ్' ఆల్బమ్ వినసొంపుగా ఉన్నదే తప్ప అందులో చెప్పిందేమీ లేదని మిగిలినవారు వాదిస్తున్నారు. అసలు పింక్ ఫ్లాయిడ్ ఎవరిలో మిగిలి ఉన్నదో మీరు తేల్చి చెప్పగలరా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వాటర్స్ 1985లో బృందాన్ని వీడిన తర్వాత పేరు ఎవరిదన్న తగవు న్యాయస్థానం దాకా వెళ్లి, 1987 చివర్లో ఇద్దరి మధ్య ఒప్పందంతో ముగిసింది. పేరు గిల్మోర్ వైపు నిలిచింది. పాట మాత్రం ఏ ఒక్కరి పక్షానా నిలవలేదని నా నమ్మకం. 'కంఫర్టబ్లీ నంబ్' ఒక్కటి వింటే చాలు. బాణీ ప్రధానంగా గిల్మోర్‌ది, సాహిత్యం వాటర్స్‌ది. చరణాలు వాటర్స్ పాడితే, పల్లవి గిల్మోర్ అందుకుంటాడు. ఐలోని మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవారికి ఈ పొత్తు కొత్త కాదు: కథకుడు మాట ఆపిన చోట డోలు అందుకుంటుంది, ఆ రెంటిలో కథ ఎవరిదని ఎవరూ అడగరు.

విడిపోయిన తర్వాత ఒకరి దగ్గర మాట, మరొకరి దగ్గర వాద్యం మిగిలినట్టు అభిమానులు పంపకాలు చేసేశారు. మీ మిత్రుల వాదన ఆ పంపకాల మీదే నడుస్తున్నది. కొత్త ఆల్బమ్‌లను నిదానంగా వింటే అది నిలవదు.

వాటర్స్ ఎనభైకి చేరువైన వయసులో చేసిన పనిని అవమానమనడం నాకు సమ్మతం కాదు. 1973 నాటి అసలు రికార్డులో 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పాటకు సాహిత్యం లేదు. గాయని క్లేర్ టోరీ ఒక్క పదం కూడా పలకకుండా, మృత్యుభయాన్నంతా గొంతులోని ఎత్తుపల్లాలతోనే వినిపించింది. ఆ పాటను మళ్లీ చేసేటప్పుడు వాటర్స్ ఆమెను అనుకరించే గాయని కోసం వెతకలేదు. డొనాల్డ్ హాల్ అనే కవి చివరి రోజుల గురించి, ఆ కవి సహాయకురాలితో తనకు నడిచిన ఉత్తరాల గురించి, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. యువకుడిగా ఉన్నప్పుడు ఊహించిన చావు గురించి ఇప్పుడు ముసలివాడై దగ్గరగా చూసి మాట్లాడుతున్నాడు. ఈ ఒక్క పాట కోసమైనా ఆ ఆల్బమ్ ఉండవలసిందే. అదే ఆల్బమ్‌లోని 'మనీ' పాట మాత్రం నన్ను ఒప్పించలేదు. అసలు పాటలో ఏడు మాత్రల నడక గిటార్ సోలో దగ్గర నాలుగు మాత్రలకు మారి పాట ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఆ పరుగు ఉండవలసిన చోట ఇప్పుడు గొణుగుడు వినిపిస్తుంది. మొత్తం మీద ఈ ఆల్బమ్‌లో మాట ఎక్కువైంది.

ఇక గిల్మోర్ ఏమీ చెప్పలేదన్న మాట అన్యాయం. ఆయన భార్య పాలీ శామ్సన్ అధిక భాగం రాసిన ఈ సాహిత్యం పొడుగునా వయసు మీద పడటం, పోవలసిన కాలం దగ్గర పడటం అన్నవే విషయాలు. అంటే ఇద్దరు వృద్ధులూ ఒకే సంగతి మాట్లాడుతున్నారు. మీ మిత్రులు తప్పక గమనించవలసిన విశేషం ఇంకొకటి ఉన్నది. ఈ ఆల్బమ్‌కు గిల్మోర్‌తో కలిసి నిర్మాతగా పనిచేసిన చార్లీ ఆండ్రూ, ఆయన గత వైభవానికి ఏమాత్రం మొహమాటపడకుండా, ఇక్కడ గిటార్ సోలో ఎందుకుండాలని అడిగేవాడట. ఈ సంగతి గిల్మోరే మెచ్చుకుంటూ చెప్పాడు. అక్కడ వాటర్స్ సోలోలను తీసేసినందుకు మీలో సగం మంది కోపంగా ఉన్నారు. ఇక్కడ గిల్మోర్ తన సోలోను ప్రశ్నించే మనిషిని ఏరికోరి తెచ్చుకున్నాడు. 'బిట్వీన్ టూ పాయింట్స్' పాటను కూతురు రొమానీకి అప్పగించి, తాను గిటార్‌తో వెనుక నిలబడ్డాడు. ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ పాటే. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే 'లక్ అండ్ స్ట్రేంజ్' వైపే నేను మొగ్గుతాను; ఎందుకంటే అది పాత రికార్డు ఊతం లేకుండా తన కాళ్ల మీద నిలబడుతుంది.

ప్రశ్న: గిల్మోర్ ఆల్బమ్ విడుదలైన 2024 సెప్టెంబర్ 6 వాటర్స్ పుట్టినరోజు కదా! ఇది కావాలని చేసిన దెప్పిపొడుపు అని మా అన్నయ్య అంటాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం విడుదల చేయడం ఆనవాయితీ, ఆ రోజు శుక్రవారం. అంతకు మించి అర్థం వెతకనక్కరలేదని మీ అన్నయ్యకు చెప్పండి.

ప్రశ్న: ఈ ఇద్దరి గొడవలో పింక్ ఫ్లాయిడ్‌లో కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్‌ను ఎవరూ తలుచుకోరేమి? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం. పైన చెప్పిన 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' బాణీ రైట్‌దే. 'అస్ అండ్ దెమ్' బాణీ కూడా ఆయనదే. ఆయన 2008 సెప్టెంబర్ 15న కన్నుమూశాడు. అంతకు ముందు సంవత్సరం గిల్మోర్ ఇంటి కొట్టంలో సరదాగా కలిసి వాయించుకున్నప్పుడు రికార్డయిన రైట్ కీబోర్డు వాయింపే 'లక్ అండ్ స్ట్రేంజ్' అన్న పాటకు ఆధారం. ఆనాటి పొడవాటి వాయింపును కూడా ఆల్బమ్‌కు అదనంగా చేర్చారు. ముందు దానిని విని, తర్వాత అసలు పాట వినండి: గిటార్ ఎక్కడ తగ్గుతుందో, ఆ ఖాళీలోకి రైట్ ఎంత నెమ్మదిగా వస్తాడో తెలుస్తుంది. వాటర్స్, గిల్మోర్ పక్షాలుగా చీలిన వారందరూ ఈ పాట మీద ఒకసారి వాదించుకుంటే బాగుంటుంది.