ఈసీజీలో బ్లాక్ అని వస్తే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. షుగర్ చెకప్‌కి వెళ్తే ఈసీజీ తీశారు, దాని మీద మెషిన్ 'ఫస్ట్ డిగ్రీ ఏవీ బ్లాక్' అని ప్రింట్ చేసింది. స్టెంట్ వేయాలంటారేమో అని ఇంట్లో అందరం హడలిపోతున్నాం. ఆయనకైతే ఏ ఇబ్బందీ లేదు, రోజూ పొలం వెళ్లొస్తున్నారు.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ కంగారు తగ్గించుకోండి. మన దగ్గర బ్లాక్ అనగానే రక్తనాళంలో పూడిక అనే అనుకుంటాం, ఇది అది కాదండి, ఇది కరెంటు సంగతి. గుండె పై గదుల్లో పుట్టిన కరెంటు ఏవీ నోడ్ అనే జంక్షన్ దాటి కింది గదులకి దిగాలి, మీ నాన్నగారికి అది కాస్త ఆలస్యంగా దిగుతోంది కానీ ఒక్క బీట్ కూడా మిస్ అవ్వట్లేదు. దీనికి స్టెంట్‌తో పని లేదు, చాలామందికి ఏ వైద్యమూ అక్కర్లేదు. అయితే బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్, డిల్టియాజెమ్ లాంటివి వాడుతున్నారేమో చూడండి, వాడుతుంటే మందుల చీటీ, ఈసీజీ రెండూ డాక్టర్‌కి చూపించండి, మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి. ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోతే మాత్రం అదే రోజు తీసుకెళ్లాలి.

ప్రశ్న: సర్, నేను ఐసీయూలో స్టాఫ్ నర్స్‌ని. మోబిట్జ్ వన్, టూ (కొన్ని బీట్లు మిస్ అయ్యే రకాలు), కంప్లీట్ బ్లాక్ (ఏదీ కిందికి దిగనిది) చదివినప్పుడు అర్థమవుతాయి, స్ట్రిప్ (ఈసీజీ కాగితం) చేతిలోకి వస్తే అన్నీ కలిసిపోతాయి. మొన్న నైట్ డ్యూటీలో ఇన్‌ఫీరియర్ వాల్ ఎంఐ (గుండె కింది గోడకి వచ్చిన గుండెపోటు) పేషెంట్‌కి మూడు బీట్లు వచ్చి నాలుగోది మిస్ అవుతోంది, పీఆర్ (పై గదుల గీత 'పీ' మొదలు నుంచి కింది గదుల గీత 'క్యూఆర్ఎస్' మొదలు దాకా దూరం) 5 చిన్న గళ్లు, తర్వాత 7, తర్వాత 8, గ్యాప్ అయ్యాక మళ్లీ 5. నేను మోబిట్జ్ టూ అన్నాను, తోటి సిస్టర్ కంప్లీట్ బ్లాక్ అంది. ఏది కరెక్ట్?
- ఒక నర్సు, ఏలూరు

జవాబు: అమ్మా, మీరు గళ్లు లెక్కపెట్టారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. మామూలు స్పీడ్‌లో, అంటే సెకనుకి 25 మిల్లీమీటర్లు, చిన్న గడి 0.04 సెకను, పీఆర్ 3 నుంచి 5 గళ్లు ఉంటే నార్మల్, 5 దాటి ప్రతి బీట్‌కీ ఒకేలా ఉండి ఏదీ మిస్ కాకపోతే ఫస్ట్ డిగ్రీ, పైన తెనాలి వాళ్ల నాన్నగారిది అదే.

బీట్ మిస్ అయిందంటే నేను చూసేది ఒక్కటే, గ్యాప్‌కి ముందున్న పీఆర్, గ్యాప్ తర్వాత వచ్చిన మొదటి పీఆర్. తర్వాతది చిన్నదైతే మోబిట్జ్ వన్, అదే వెంకెబాక్. రెండూ సమానమైతే మోబిట్జ్ టూ. మధ్యలో బీట్లన్నీ కొలుస్తూ కూర్చుంటే తికమక పడతాం, ఎందుకంటే వెంకెబాక్‌లో పెద్ద పెరుగుదల మొదటి రెండు బీట్ల మధ్యే ఉంటుంది, చివర్లో ఒక గడి తేడా కంటికి ఆనదు. వెంకెబాక్ గారు 1899లో దీన్ని పట్టుకున్నది ఈసీజీ చూసి కూడా కాదు, పల్స్ గీతలు చూసి, కాబట్టి పేషెంట్ మణికట్టు మీద వేలు పెట్టినా ఆ గుంపులు గుంపులుగా కొట్టుకోవడం మీకు తెలిసిపోతుంది.

కంప్లీట్ బ్లాక్‌లో పైవాళ్లకీ కిందివాళ్లకీ మాటల్లేవు. పీ లు వాటి లెక్కలో అవి, క్యూఆర్ఎస్ లు వాటి లెక్కలో అవి నడుస్తుంటాయి, పీఆర్ ఒకసారి 4 గళ్లు, ఒకసారి 12, ఏ వరసా ఉండదు, కానీ ఆర్ (క్యూఆర్ఎస్‌లో ఎత్తైన మొన) నుంచి ఆర్ దూరం మాత్రం దాదాపు సమానం. మీ స్ట్రిప్‌లో గ్యాప్‌లు వస్తున్నాయి, పీఆర్ ఒక వరసలో పెరుగుతోంది, అంటే కంప్లీట్ కాదు.

ఇంకో మాట, మెషిన్ రాసింది గుడ్డిగా నమ్మొద్దు, ఎందుకంటే నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో బాత్రూంలో రెండుసార్లు పడిపోయిన పెద్దావిడ ఈసీజీ చూశాను, రేటు 44, మెషిన్ 'సైనస్ బ్రాడీకార్డియా', అంటే గుండె వరస మామూలే కానీ నెమ్మది, అంది, నేనూ సంతకం పెట్టేశాను. మా సీనియర్ మేడం ఒక తెల్ల కాగితం అంచు లీడ్ టూ స్ట్రిప్ కింద పెట్టి, కనిపిస్తున్న ఒక పీ దగ్గర పెన్నుతో చుక్క, తర్వాతి పీ దగ్గర ఇంకో చుక్క పెట్టారు, మధ్య 34 చిన్న గళ్లు. కాగితం మడిచి సరిగ్గా సగంలో, 17 గళ్ల దగ్గర మూడో చుక్క పెట్టి మళ్లీ స్ట్రిప్ కింద ఆనిస్తే అది క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే టీ వేవ్ దిగే చోట ఒక చిన్న బొడిపె మీద పడింది. ప్రతి టీ మీదా అదే బొడిపె! పై గదులు 88 కొట్టుకుంటుంటే కిందికి సగమే దిగుతున్నాయి, టూ ఈజ్ టు వన్ బ్లాక్. ఆవిడకి తర్వాత పేస్‌మేకర్ పడింది. ఆ రాత్రి మేడం చూడకపోతే నేను ఆవిడని ఇంటికి పంపేసేవాణ్ణి, ఇప్పటికీ ఆ చుక్కలు పెట్టకుండా స్లో ఈసీజీ మీద సంతకం పెట్టను.

అలాగని టీ మీద బొడిపె కనిపిస్తే ప్రతిదీ బ్లాక్ కాదు. ఆ పీ టైం కంటే ముందే వచ్చేస్తే అది ఏట్రియల్ ఎక్టోపిక్, అంటే పై గదుల్లో తొందరపడి పుట్టిన బీట్, కిందికి దిగక ఆగిపోయింది అంతే. చుక్కల దూరం సమానమా కాదా అన్నదే తేల్చేది.

బ్లాక్‌కి కారణం కూడా అడగండి: రక్తంలో పొటాషియం పెరిగిందా, డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతున్నారా. గన్నేరు పప్పు తిన్న కేసులు మన వైపు వస్తూనే ఉంటాయి, అందులోనూ డిగాక్సిన్ లాంటి విషమే ఉంది, మనిషి మామూలుగా మాట్లాడుతున్నా మానిటర్ తీయొద్దు.

ఇంతకీ మీ పేషెంట్‌ది గ్యాప్‌కి ముందు 8, తర్వాత 5, కాబట్టి వెంకెబాక్. ఏవీ నోడ్‌కి రక్తం చాలామందిలో కుడి కరొనరీ అనే గుండె రక్తనాళం నుంచే వస్తుంది, ఇన్‌ఫీరియర్ ఎంఐలో ఎక్కువగా దెబ్బతినేది కూడా అదే నాళం, అందుకే ఈ బ్లాక్ తరచుగా వస్తుంది, ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. బీపీ బాగుంటే మానిటర్ మీద చూసుకోండి, బీపీ పడిపోతే డాక్టర్‌ని పిలిచి గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్ సిద్ధం చేయండి. అదే పీఆర్ సమానంగా ఉండి, క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉండి బీట్ మిస్ అయితే మాత్రం అట్రోపిన్‌ని నమ్ముకుని ఆగకండి, అర్ధరాత్రి అయినా సరే డాక్టర్‌కి ఫోన్ కొట్టి, ఛాతీకి అంటించి కరెంటుతో గుండెని నడిపించే పేసింగ్ ప్యాడ్స్ మంచం దగ్గరికి తెచ్చుకోండి.