ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేసి డబ్బూ తీసుకున్నారు, వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది పెద్దపల్లి జిల్లా. నాన్న (56) మార్కెట్ యార్డులో హమాలీ. మాకు ఆహార భద్రత కార్డు ఉంది. రెండు నెలల కిందట ఒక రాత్రి నాన్నకు గుండెనొప్పి వస్తే ఆరోగ్యశ్రీ ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్రూవల్ తెల్లారి వస్తుందని, ముందు అడ్వాన్సు కడితే తర్వాత తిరిగి ఇచ్చేస్తామని చెప్పారు. ఫోన్‌పేలో 35 వేలు, నగదుగా 25 వేలు కట్టాం. నగదుకు రసీదు ఇవ్వలేదు. స్టెంట్ వేశారు, మర్నాడు ఆరోగ్యశ్రీ అప్రూవల్ కూడా వచ్చింది. డిశ్చార్జి రోజు డబ్బు అడిగితే 'మంచి రకం స్టెంట్ వేశాం, తేడా దానికే సరిపోయింది' అన్నారు. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితాల మీద నాన్నతో సంతకాలు పెట్టించుకున్నారు. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోమని ఊళ్లో సలహా ఇస్తున్నారు. ఇంకో సంగతి, మా నాయనమ్మకు 72 ఏళ్లు. కార్డులో ఆమె పేరు లేదు. తుంటి ఆపరేషన్ చేయాలంటున్నారు. మేం ఏం చేయాలి?

జవాబు: ఆ 60 వేలూ వెనక్కి అడిగే హక్కు మీకు ఉంది. ఆసుపత్రిని బతిమాలుకోవాల్సిన పని లేదు. ఆరోగ్యశ్రీ పూర్తిగా నగదు రహిత పథకం. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి ఆసుపత్రీ ఆరోగ్యశ్రీ ట్రస్టుతో ఒప్పందం చేసుకుంటుంది. ప్యాకేజీలో ఉన్న చికిత్సకు రోగి దగ్గర పైసా తీసుకోకూడదన్నది ఆ ఒప్పందానికి ప్రాణం. పరీక్షలు, ఆపరేషన్, స్టెంట్, మందులు, భోజనం, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, 30 రోజుల లోపు వచ్చే ఇబ్బందులకు వైద్యం, ఇవన్నీ ప్యాకేజీలో భాగమే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఈ రక్షణ ఉంది. ముందునుంచీ ఉన్న జబ్బు అని చెప్పి కూడా కాదనడానికి లేదు.

'అప్రూవల్ తెల్లారి వస్తుంది' అన్న మాట చాలామందిని ముంచుతోంది. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్‌లోనే తాత్కాలిక అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే ఏర్పాటు పథకంలోనే ఉంది. కాగితాల అనుమతి ఆ తర్వాత వస్తుంది. కాబట్టి రాత్రి పూట వచ్చారన్నది అడ్వాన్సుకు కారణం కాదు. పైగా ట్రస్టు అనుమతి ఇచ్చాక ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బు అక్కడినుంచి వస్తుంది. మీ దగ్గర తీసుకున్నది ఉంచుకుంటే ఒకే చికిత్సకు రెండుసార్లు వసూలు చేసినట్టే.

ఇక 'మంచి స్టెంట్' సంగతి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. స్టెంట్ ధర, బ్రాండు పేరు, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపించాలని కూడా ఆదేశించింది. ఖరీదైన స్టెంట్ వేశామని చెప్పే ఆసుపత్రి ఆ వివరాలతో బిల్లు చూపించాలి. మీకు అలాంటి బిల్లు ఇచ్చినట్టు మీ ఉత్తరంలో లేదు. స్టెంట్ డబ్బా మీద ఉండే స్టిక్కరును సాధారణంగా కేస్ షీటులో అంటిస్తారు. అది చేతికొస్తే ఏం వేశారో, దాని ధర ఎంతో దాచడం కుదరదు.

అందుకే మీ మొదటి పని కేస్ షీటు తెచ్చుకోవడం. 'నా కేస్ షీటు, యాంజియోగ్రామ్ రిపోర్టు, యాంజియోప్లాస్టీ నోట్సు, స్టెంట్ స్టిక్కరు, అన్ని బిల్లుల నకళ్లు ఇవ్వండి' అని నాన్నగారి సంతకంతో ఆసుపత్రి సూపరింటెండెంటుకు అర్జీ రాయండి. ఒక కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వైద్యుల వృత్తి నియమావళి (2002) ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ అర్జీయే రేపు మీకు సాక్ష్యమవుతుంది.

రెండో పని సమాచార హక్కు దరఖాస్తు. ఆరోగ్యశ్రీ ట్రస్టు ప్రజా సమాచార అధికారికి నాన్నగారి పేరుతోనే పెట్టండి. మీ పేరుతో పెడితే మూడో వ్యక్తి వైద్య సమాచారమని తిరస్కరించే అవకాశం ఉంది. నాలుగు విషయాలు అడగండి: తాత్కాలిక, పూర్తి అనుమతులు ఏ తేదీన, ఏ సమయానికి ఇచ్చారు, మంజూరైన ప్యాకేజీ, దాని మొత్తం ఎంత, ఆసుపత్రికి ఎంత చెల్లించారు, క్లెయిముతో పాటు ఆసుపత్రి పంపిన కాగితాలన్నిటి నకళ్లు. ఆఖరిది మరీ ముఖ్యం. డిశ్చార్జి రోజు నాన్నగారితో పెట్టించుకున్న సంతకాలు ఏ కాగితం మీద ఉన్నాయో అందులో బయటపడుతుంది. 'నా దగ్గర డబ్బేమీ తీసుకోలేదు' అన్న కాగితం మీద ఆ సంతకం ఉండి, అదే వారంలో ఆసుపత్రి ఖాతాకు మీరు ఫోన్‌పే చేసిన 35 వేలు కనిపిస్తే, ఆసుపత్రి వాదన అక్కడే కూలుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువుగా ఆహార భద్రత కార్డు నకలు జతచేస్తే ఈ దరఖాస్తుకు ఫీజు ఉండదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఆ కాగితంలో 'మా ఇష్టప్రకారమే అదనపు డబ్బు కట్టాం' అని ఉన్నా భయపడకండి. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ అనుచిత ప్రభావం గురించి చెబుతుంది. వయసు వల్ల గానీ, జబ్బు వల్ల గానీ, మానసిక, శారీరక బాధ వల్ల గానీ మనసు కుంగి ఉన్న మనిషితో చేయించుకున్న ఒప్పందాన్ని ఆ సెక్షన్ అనుమానంతోనే చూస్తుంది. గుండెపోటు వచ్చి మూడు రోజులు కాని మనిషికి, తెలియని భాషలో ఉన్న కాగితం ఇచ్చి తీసుకున్న సంతకానికి కోర్టులో పెద్ద బలం ఉండదు.

రసీదు లేని 25 వేల విషయంలో కష్టం ఎక్కువ. ఆ మాట దాచను. కానీ ఆశ వదులుకోవద్దు. ఆ డబ్బు ఎక్కడినుంచి తెచ్చారో చూపించండి. ఏటీఎంలో తీసిన స్లిప్పు, బంగారం కుదువ పెట్టిన చీటీ, ఇచ్చిన బంధువు వాంగ్మూలం, ఏదైనా సరే తేదీ కలవాలి. ఎవరి చేతికి, ఏ కౌంటరులో, ఎన్ని గంటలకు ఇచ్చారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఇంకో ఆరు నెలలు పోతే ఆ వివరాలు మీకే తడబడతాయి. బిల్లు, రసీదు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. కాబట్టి రసీదు లేకపోవడం వాళ్ల తప్పుగా కూడా మీరు చూపించవచ్చు. ఫోన్‌పే లావాదేవీకి బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని ముద్ర వేయించుకోండి. ఆ రోజుల్లో వాడిన ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి.

ఇవి చేతికి వచ్చేదాకా ఆగకుండా ట్రస్టుకు ఫిర్యాదు ఇప్పుడే పెట్టండి. 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. దాంతోనే సరిపెట్టుకోవద్దు. జిల్లా ఆరోగ్యశ్రీ కోఆర్డినేటరుకు, ట్రస్టు ముఖ్య కార్యనిర్వహణాధికారికి రాతపూర్వకంగా పంపండి. ఒక కాపీ సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఫిర్యాదు పొడుగ్గా రాయకండి. ఇంత చాలు:

'నా పేరు ఫలానా, కార్డు నంబరు ఫలానా. ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటలకు ఫలానా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద చేరాను. అనుమతి రాకముందు అడ్వాన్సు పేరుతో రూ.35,000 ఫోన్‌పేలో (లావాదేవీ నంబరు ఫలానా), రూ.25,000 నగదుగా తీసుకున్నారు. నగదుకు రసీదు ఇవ్వలేదు. అనుమతి వచ్చాక కూడా తిరిగి ఇవ్వలేదు. నెట్‌వర్క్ ఒప్పందానికి విరుద్ధంగా వసూలు చేసిన రూ.60,000 నాకు ఇప్పించి, ఆసుపత్రిపై చర్య తీసుకోవాలని మనవి.'

చాలా కేసులు ఇక్కడే తెగుతాయి. క్లెయిము డబ్బు ఆగిపోతుందని, నెట్‌వర్క్ నుంచి తీసేస్తారని ఆసుపత్రులకు భయం ఉంటుంది. రాజీకి పిలిచి డబ్బు ఇస్తామంటే బ్యాంకు ఖాతాకే వేయమనండి. డబ్బు ఖాతాలో పడకముందే 'ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నా' అని రాసివ్వకండి.

తేలకపోతే రెండు దారులు ఉన్నాయి. మీ కేసుకు నేను ముందుగా చెప్పేది శాశ్వత లోక్ అదాలత్. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987, 22ఎ సెక్షన్ ఆసుపత్రి సేవలను ప్రజోపయోగ సేవల్లో చేర్చింది. మామూలు లోక్ అదాలత్‌లో అవతలివాళ్లు ఒప్పుకోకపోతే కథ అంతటితో ఆగుతుంది. ఇక్కడ అలా కాదు. రాజీ కుదరకపోతే వివాదం మంచిచెడ్డలు చూసి వాళ్లే తీర్పు ఇస్తారు, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. కోర్టు ఫీజు లేదు. అయితే వేరే కోర్టుకు వెళ్లకముందే ఇక్కడికి రావాలి. ఇక్కడ దరఖాస్తు పెట్టాక అదే వివాదం మీద మరో కోర్టుకు పోవడానికి వీల్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే మీ ప్రాంతానికి ఏ శాశ్వత లోక్ అదాలత్ వర్తిస్తుందో చెబుతారు. 15100కు ఫోన్ చేసినా సరే.

రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. ఇంత మొత్తానికి ఫీజు ఉండదు. ఆసుపత్రి ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. '60 వేలతో పాటు వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు' అని అడగాలి. ఆసుపత్రి తరఫు వకీలు తప్పకుండా తెచ్చే అభ్యంతరం ఒకటుంది: ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం కాబట్టి మీరు వినియోగదారు కారని. దానికి జవాబు 1995లోనే సుప్రీంకోర్టు ఇచ్చింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి.శాంత కేసులో, డబ్బు రోగి బదులు బీమా సంస్థో యజమానో చెల్లించినా అది డబ్బు తీసుకుని చేసిన సేవేనని చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో, ఉచితంగా వైద్యం పొందినవాళ్లు కూడా వినియోగదారులేనని అదే తీర్పు. ఇక్కడ ట్రస్టు చెల్లించింది, మీరూ చెల్లించారు. సందేహానికి తావే లేదు. గడువు మాత్రం రెండేళ్లు. డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆసుపత్రి నిరాకరించిన తేదీ నుంచి కాకుండా, జాగ్రత్త కోసం డబ్బు కట్టిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

ముఖ్యమంత్రి సహాయనిధికి ఇప్పుడు వెళ్లకండి. అది ప్రభుత్వ విచక్షణ మీద ఇచ్చే సాయం, హక్కుగా అడిగేది కాదు. ప్రజాప్రతినిధి సిఫార్సుతో, ఆసుపత్రి అసలు బిల్లులతో దరఖాస్తు చేయాలి. మీ దగ్గర తుది బిల్లే లేదు. ఉన్న ఒకటి రెండు అసలు కాగితాలూ అక్కడ ఇచ్చేస్తే రేపు కేసులో చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు. పైగా ఆసుపత్రి తిరిగి ఇవ్వాల్సిన డబ్బును ప్రజల సొమ్ముతో పూడ్చినట్టవుతుంది. ప్యాకేజీలో లేని జబ్బుకు, నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో ప్రాణాపాయం వేళ అయిన ఖర్చుకు సహాయనిధి సరైన దారి. నిమ్స్ లాంటి చోట ఆపరేషన్‌కు ముందే ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ముందుగా ఇచ్చే పత్రం) తీసుకునే వీలూ ఉంది. అసలు బిల్లులు ఇచ్చేముందు ఆసుపత్రి ముద్రతో ఒక సెట్టు నకళ్లు దాచుకోవాలని అందరికీ చెబుతాను.

నాయనమ్మ గారి విషయం ఇంతకన్నా తేలిక. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. దీనికి రేషన్ కార్డులో పేరు ఉండాల్సిన పని లేదు, ఆధార్ చాలు. ఆయుష్మాన్ యాప్‌లో గానీ, పథకం ఉన్న ఆసుపత్రిలో గానీ ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) చేయించండి. ఇబ్బంది వస్తే 14555. ఇక్కడ ఎక్కువగా పని చెడేది ఆధార్‌లోని వయసు వల్ల. పుట్టిన సంవత్సరం తప్పుపడి 70 దాటనట్టు చూపిస్తే కార్డు రాదు. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మెషిన్ తీసుకోకపోవడం కూడా మామూలే. అప్పుడు ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనో, ముఖం ఫొటోతోనో చేయమని అడగండి. అందుకని ముందు ఆధార్‌లో పుట్టిన తేదీ, ఫోన్ నంబరు సరిచూసుకోండి. దీంతోపాటే మీసేవలో ఆహార భద్రత కార్డులో ఆమె పేరు చేర్చడానికి దరఖాస్తు పెట్టండి. అది ఆలస్యమైనా ఆపరేషన్ ఆగదు.

ఆసుపత్రి ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. తుంటి ఆపరేషన్‌కు ఆ ఆసుపత్రికి పథకంలో అనుమతి ఉందా? నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలకూ అనుమతి ఉండదు. ఈ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారా? కొన్నిటికి అలా ఉంటుంది. చేరే రోజు క్యాష్ కౌంటరు కన్నా ముందు ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే సహాయకులు) దగ్గరికి వెళ్లి పేరు నమోదు చేయించి, నమోదు నంబరు తీసుకోండి. ఆ తర్వాత ఎవరైనా డబ్బు అడిగితే, ఎందుకో కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మనండి. రాసివ్వకపోతే కట్టకుండా అక్కడినుంచే 104కు ఫోన్ చేయండి. డబ్బు కట్టలేదని డిశ్చార్జి ఆపితే భారతీయ న్యాయ సంహిత 127 సెక్షన్ కింద అది అక్రమ నిర్బంధం, 112కు ఫోన్ చేయవచ్చు.